సున్నా చెరిపిన చోటు

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా ఉన్నంతలో బాగానే ఉన్నాం. నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి స్థిమితపడ్డాను.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు మరోలా అనుకోకు. ఫోన్లో చెప్పేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను 'ఊ' అంటాను, నువ్వు 'ఊ' అంటావు, ఈలోగా మీ అమ్మ ఫోను లాక్కుంటుంది. కాగితాన్ని ఎవరూ లాక్కోరు. ఇది మూడోసారి రాయడం. ముందు రాసిన రెండూ చింపేశాను.

నువ్వు నాలుగు పేజీలు రాశావు. నేను అంత రాయలేనని నీకు తెలుసు. ఊళ్ళో ఐదో తరగతితో చదువు ఆగినవాణ్ణి. అక్షరం గుండ్రంగా వస్తుందని కంపెనీ మాస్టారు నాటకాల ప్రతులు రాయడానికి పెట్టుకున్నారు. తర్వాత రాసిన ప్రతి పట్టుకుని తెర పక్కన కూర్చోమన్నారు. అప్పటినుంచీ ఎవరో రాసిన మాటలు ఇంకెవరికో అందించడంతోనే సరిపోయింది. సొంతంగా ఒక మాట అనాలంటే నాకు నోరు పెగలదు. మీ అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. "రెండు ముక్కల్లో తేల్చేయకండి, పిల్ల అడిగినవన్నీ రాయండి" అంటోంది. అందుకని వరసగా రాస్తాను.

మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు మూలుగుతుంది, దిగేటప్పుడు తిడుతుంది. డాక్టరు నడవమన్నాడు. మీ అమ్మ కూర్చోమంటుంది. ఇద్దరి మాటా కాదనలేక నిలబడుతున్నాను.

నాటకాల హాలు అమ్మేశారని అక్కడెవరో అన్నారని రాశావు. అమ్మలేదు. అమ్మితే బాగుండేదేమో. వారంలో ఐదు రోజులు దుప్పట్లవాళ్ళకి, కుక్కర్లవాళ్ళకి అద్దెకిస్తున్నారు. కుర్చీలన్నీ ఒక గోడకి పేర్చేసి, స్టేజి మీద దుప్పట్లు పరుస్తారు. రాణి సింహాసనం ఉండేదే, ఎర్ర పట్టు చిరిగిపోయినది, దాని మీద ఒకాయన కూర్చుని కొలతలు చెబుతుంటాడు. మైకులో "ఒకటి కొంటే ఒకటి" అని అరుస్తుంటారు. ఆ మైకు మనదే. శని, ఆదివారాలు మధ్యాహ్నం మాత్రం నాటకం. దుప్పట్ల కోసం వచ్చి అమ్మకం లేదని తెలిసి, ఎండకి బయటికి పోలేక కూర్చున్నవాళ్ళే సగంమంది.

గ్రీన్‌రూములో అద్దం చుట్టూ పదహారు బల్బులుండేవి కదా, మూడు వెలుగుతున్నాయి. ముఖంలో ఏ పక్క రంగు వేసుకుంటే ఆ పక్కకి జరుగుతారు.

నేను ఇంకా అక్కడికి ఎందుకు వెళుతున్నానని కోప్పడ్డావు. తెర లాగడానికి. ఆటగాళ్ళకి మాట అందించే నా పని పోయి పధ్నాలుగేళ్ళయింది. ఇప్పుడు మాటలన్నీ ముందే రికార్డు చేసి పెట్టుకుంటారు. హాల్లో అది వేస్తారు, స్టేజి మీదవాళ్ళు పెదాలు కదుపుతారు. ఇక మర్చిపోవడమన్నది లేదు. రికార్డులో గొంతు ఒకరిది, స్టేజి మీద మనిషి ఇంకొకరు. కింద పడ్డవాడు లేచి నిలబడకముందే వాడి గొంతు నిలబడి మాట్లాడేస్తుంటుంది. ఎడమ వింగులో తెర చాటున నా స్టూలు నీకు గుర్తుండే ఉంటుంది. దాని మీద ఇప్పుడు సౌండు పెట్టె కూర్చుంది.

పోయిన నెల ఆ నాటకం మళ్ళీ వేశారు. నీ నాటకం, నువ్వు పెద్దింటి పిల్ల వేషం కట్టినది. చాలా ఏళ్ళ తర్వాత. పెద్దాయన గదిలో పెట్టి తాళం వేయించిన సొంత తమ్ముణ్ణి తెల్లారకముందే ఆ ఇంటి పిల్ల తలుపు తీసి పంపించేయడం, పొద్దున్నే పెద్దాయన అందర్నీ వరసగా నిలబెట్టి "తలుపు ఎవరు తీశారు?" అనడం, ఎవరూ నోరు మెదపకపోవడం, ఆ పిల్ల ఒకడుగు ముందుకు వచ్చి "నేనే" అనడం. నేను తాడు పట్టుకుని చూస్తూ ఉన్నాను. "తలుపు ఎవరు తీశారు?" అంది రికార్డు. ఊపిరి తీసుకునేంత కూడా సందు లేకుండా "నేనే" అంది. కొట్లో ఎవరో ధర అడిగితే చెప్పినట్టు ఉంది. ఆ అమ్మాయి అడుగు వేయబోతుండగానే మాట అయిపోయింది. ఎత్తిన అడుగు వెనక్కి తీసుకుంది పాపం.

ఆట అయ్యాక సౌండు చూసేవాడు హుషారుగా ఉన్నాడు. "తాతా, ఈ నాటకంలో ఎంత ఖాళీ ఉందో తెలుసా? అన్నీ కోసి పారేశాను. పదకొండు నిమిషాలు కలిసొచ్చింది" అన్నాడు.

"అవి ఖాళీలు కావేమో బాబూ" అన్నాను.

"మాట లేకపోతే ఖాళీ కాక ఇంకేంటి? నువ్వు ఇన్నాళ్ళూ కూర్చుంది వాటికి కాపలాయేనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

కంచుగొంతు మామ ఎలా ఉన్నాడని అడిగావు. నీ ఎదురుగా పెద్దాయన వేషం కట్టినవాడు, నిన్ను ఎత్తుకుని తిప్పినవాడు కాబట్టి అడగడం సహజమే. బాగా లేడమ్మా. ఆసుపత్రిలో చేర్చి నెలన్నర అయింది. పోయిన వారం బుధవారం చూసి వచ్చాను. పెద్ద వార్డు, కిటికీ పక్క మంచం. ఆ మనిషి మాట్లాడితే వెనక వరసలో నిద్రపోయేవాడు లేచి కూర్చునేవాడు, ఇప్పుడు నేను చెవి దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"ఏరా పుస్తకం, బతికే ఉన్నావా?" అన్నాడు. కంపెనీలో నన్ను అందరూ పుస్తకం అనే పిలిచేవాళ్ళు కదా.

"ఉన్నాను."

"నీ గొంతు ఎక్కడా వినబడకపోతే అనుమానం వచ్చిందిలే. అయినా నీ గొంతు వినబడింది ఎప్పుడు? ఒక్కసారే." అని నవ్వాడు. నవ్వుకి దగ్గు తగులుకుంది. నర్సు వచ్చి నన్ను గుర్రుగా చూసింది. దగ్గు తగ్గాక అడిగాడు. "పిల్ల ఏం చేస్తోంది?"

బస్సుల డిపోలో విచారణ కిటికీ దగ్గర ఉద్యోగమని చెప్పాను.

"స్టేజి ఎక్కుతోందా?"

"లేదు."

కాసేపు పైకప్పుకేసి చూశాడు. "ఆ రోజు ఆ పిల్ల నా కళ్ళలోకి చూస్తూ నిలబడిందే, నా తర్వాతి మాట నాకు పోయిందిరా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ పోలేదు. నువ్వు కాస్త ఓపిక పట్టి ఉంటే నాకు అందించాల్సి వచ్చేది నువ్వు, దానికి కాదు" అన్నాడు.

తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది.

నువ్వు రాసినదాన్ని మళ్ళీ నీకే రాయడం బాగుండదు, కానీ రాయక తప్పదు. మీ డిపోవాళ్ళు కలిసి అదే నాటకం వేస్తున్నారనీ, తలుపు తీసిన పిల్లని పెద్దదాన్ని చేసి, ఆ ఇంటి ఆడపడుచుగా మార్చుకున్నారనీ, ఆ వేషం నిన్ను కట్టమన్నారనీ రాశావు. నువ్వు వద్దన్నావట. "నాకు స్టేజి మీద మాట నిలవదు, నీకు తెలుసు కదా నాన్నా. పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంటానని చెప్పాను. నీ కూతుర్నే కదా, ఆ పనైనా వస్తుందేమో" అని రాశావు. నా దగ్గరున్న పాత ప్రతి పంపమన్నావు. నెలాఖరుకి వేషాలు ఖాయం చేస్తారని కూడా రాశావు. నువ్వు మామూలుగానే రాశావు. నేను దాన్ని మామూలుగా చదవలేకపోయాను.

అడుగున అల్లుడుగారు రెండు లైన్లు రాశారు. నువ్వు చూశావో లేదో. "మామయ్యగారూ, ఈవిడకి నూట నలభై బస్సుల వేళలు బోర్డు చూడకుండా నోటికి వచ్చు. ఒక్క ముక్క ఎలా మర్చిపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీరు అక్కడే ఉన్నారు కదా, ఒకసారి చెప్పండి."

ఆయన ఇదే మాట నేను మీ ఊరు వచ్చినప్పుడు కూడా అడిగారు. డిపోలో ఆ కిటికీకి ఎదురు బెంచీ మీద ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. జనం వచ్చి ఊరు పేరు చెప్పడం, నువ్వు తల ఎత్తకుండా వేళ చెప్పడం. ఒకాయన ఊరి పేరు సగమే అన్నాడు, నువ్వు బస్సు, వేళ, ఆగే చోటు కూడా చెప్పావు. "చూశారా మామయ్యగారూ" అన్నారు ఆయన. నేను టీ తాగుతూ ఉండిపోయాను. గ్లాసు ఖాళీ అయిపోయాక కూడా తాగుతూనే ఉన్నాను.

ఆయన ప్రశ్నకి జవాబు రాయడానికే ఈ ఉత్తరం. మోకాలూ, దుప్పట్లూ అంతా దారి ఖర్చు.

నువ్వు మర్చిపోలేదమ్మా.

ఇరవై మూడేళ్ళ కిందట, ఆట ఉన్న ఆ ఆదివారం పొద్దున నువ్వు అద్దం ముందు జడ వేసుకుంటూ, "నాన్నా, నేనే అనేముందు నేను కాసేపు ఆగుతాను. ఎంతసేపో ఇప్పుడు చెప్పలేను. నువ్వు కంగారుపడకు" అన్నావు. మాస్టారికి చెప్పావా అన్నాను. "చెబితే లెక్కపెట్టి ఆగమంటారు. లెక్కపెడితే పాడవుతుంది" అన్నావు. అప్పుడు నీకు పంతొమ్మిదేళ్ళు. నేను పుస్తకం తీసి ఆ మాట పక్కన పెన్సిలుతో సున్నా పెట్టాను. సున్నా అంటే ఇక్కడ నోరు మూసుకో అని నాకు నేను చెప్పుకునే గుర్తు. నువ్వు జడ వదిలేసి వచ్చి భుజం మీదనుంచి వంగి చూసి, "ఇంకొంచెం పెద్దది పెట్టు" అన్నావు. పెద్దది పెట్టాను.

ఇవన్నీ జరిగాయి. నువ్వు ఊహించుకున్నవి కావు.

హాలు నిండిన రోజు అది. కంచుగొంతు "తలుపు ఎవరు తీశారు?" అన్నాడు. నువ్వు ఆగావు. ముందు ఎవరో దగ్గారు, ఎక్కడో కుర్చీ కిర్రుమంది. తర్వాత అవి కూడా ఆగిపోయాయి. అంతమంది కూర్చున్న హాలు అలా అయిపోవడం అంతకుముందు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు. మాట అందించేవాడికి ఆ చప్పుడు లేకపోవడమే పెద్ద భయం. మామూలుగా నేను భయపడేవాణ్ణి కాదు, ఎందుకంటే నాకు ఒక లెక్క ఉంది. ఎవరికీ చెప్పలేదు. ముఖం చూడకూడదు, కాళ్ళు చూడాలి. మాట పోయినవాడి కాళ్ళు నిలవవు, మడమ లేస్తుంది, బొటనవేలు నేలని గీరుతుంది. కావాలని ఆగినవాడి కాళ్ళు పాతినట్టు ఉంటాయి. ఈ లెక్క నాకు ఒక్కసారి కూడా తప్పలేదు.

నీ కాళ్ళు కదలలేదు. నేను చూశాను. ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక, బొటనవేలు కూడా కదలలేదు.

అయినా అందించాను. వేరేవాళ్ళ పిల్ల అయితే అందించేవాణ్ణి కాదు. నా పిల్ల అంతమంది ముందు ఒక్కతే నిలబడి ఉంటే నా చెవుల్లో నా గుండె తప్ప ఇంకేమీ వినబడలేదు. సున్నా కళ్ళ ముందే ఉంది. "నేనే" అన్నాను. మెల్లగా అన్నాననుకున్నాను. నా నెత్తి మీదే మైకు వేలాడుతోంది. పెద్దింటి పిల్ల నోరు తెరవకముందే బొంగురు మగ గొంతు "నేనే" అంది. ఒక్క క్షణం ఆగి హాలంతా నవ్వింది. నువ్వు ఆ తర్వాత అన్న "నేనే" ఎవరికీ వినబడలేదు. నేను విన్నాను. బాగా అన్నావు.

కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది, నీకు తెలియకపోవచ్చు. ప్రాంప్టరు గొంతు హాల్లో వినబడితే, ఆటగాడు నిజంగా మర్చిపోయి ఉంటే తప్ప, ఆ మర్నాటినుంచి ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటారు. మాస్టారి బావమరిది రెండేళ్ళుగా దానికోసం కాచుకుని ఉన్నాడు. ఆ పూట కూడా వింగు వెనకే నిలబడి ఉన్నాడు. నవ్వు విని నావైపు చూశాడు.

దాని తర్వాత ఇంకో రంగం ఉంది కదా. నోరు ఆ రంగం మాటలు చదువుతూనే ఉంది. పెన్సిలు వెనక రబ్బరుతో చెయ్యి సున్నాని చెరిపేస్తోంది. ఒక్క మాట కూడా తప్పకుండా చదివాను.

గ్రీన్‌రూములో మాస్టారు అందరి ముందూ అడిగారు. "తప్పు ఎవరిది? పిల్లదా, పుస్తకానిదా?"

కంచుగొంతు అడ్డం పడ్డాడు. "పిల్ల కావాలనే ఆగింది మాస్టారూ. ఎదురుగా ఉన్నవాణ్ణి నేను."

నువ్వు ఏడవలేదు. "నేను ఆగాను. నాన్నకి పొద్దున్నే చెప్పాను. పుస్తకంలో సున్నా పెట్టాడు, చూడండి" అన్నావు. ఎంత ధీమాగా అన్నావో. పుస్తకం తెమ్మన్నారు. నేనే తెచ్చి చేతికిచ్చాను. మాస్టారు బల్బు దగ్గరికి పట్టుకెళ్ళి చూశారు. "ఇక్కడేం లేదే" అన్నారు. నువ్వు వచ్చి చూశావు. తర్వాత నావైపు చూశావు.

నేను అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "మర్చిపోయిందండీ. కంగారుపడింది. చిన్నపిల్ల." చిన్నపిల్ల అని జాలిగా కూడా అన్నాను.

నేను అబద్ధం ఆడతానని ఎవరూ అనుకోలేదు. ఎక్కువ మాట్లాడనివాడు నిజమే మాట్లాడతాడని అందరికీ ఒక నమ్మకం. కంచుగొంతు కూడా, "పుస్తకం అన్నాడంటే అంతేనేమోలే" అని ఊరుకున్నాడు. మొన్న మంచం మీద చెప్పేదాకా తనకే మాట పోయిన సంగతి మింగేశాడన్నమాట.

ఇంతవరకూ భయంతో చేశాననుకో. ఇరవై మూడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది కూడా అదే. కానీ ఇంకొకటి ఉంది. నాలుగు రోజుల తర్వాత ఇంట్లో, నేను చొక్కాకి గుండీ కుట్టుకుంటుంటే, నువ్వు వచ్చి నేల మీద కూర్చున్నావు. "నాన్నా, నేను ఆగుతానని నీకు నిజంగా చెప్పానా, చెప్పాననుకున్నానా?" అన్నావు. అక్కడ మాస్టారు లేరు, బావమరిది లేడు. నేనూ నువ్వే ఉన్నాం. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. "అనుకుని ఉంటావమ్మా" అన్నాను. నువ్వు తల ఊపి లేచి వెళ్ళిపోయావు. దారం తెంచి గుండీ పూర్తిచేశాను.

ఆ రోజు నీ చేతిలోంచి వేషం కాదు, నీ మతి మీద నీకున్న నమ్మకం లాక్కున్నాను. ఆ తర్వాత రెండు ఆటల్లో నువ్వు నిజంగానే తడబడ్డావు, మాట మాటకీ నావైపు చూసేదానివి. అది నా పనే. "ఒక్క మాట నిలవని పిల్ల" అని మాస్టారు నీ వేషం వేరే అమ్మాయికిచ్చారు. నువ్వు మళ్ళీ హాలు గుమ్మం తొక్కలేదు. మీ అమ్మ, "మా అమ్మ మతిమరుపే దీనికి వచ్చింది" అని కనబడినవాళ్ళందరి దగ్గరా బాధపడేది. పోయిన మీ అమ్మమ్మ మీద కూడా తోసేశాం. నేను వింటూ అన్నం తినేవాణ్ణి.

ఎందుకు చేశావు అంటావు. ఇంట్లో నాకు మాట రాదు. బజార్లో రాదు. ఆ స్టూలు మీద కూర్చుని గుసగుసగా నేనేమంటే దాన్ని రాజులూ, రాణులూ పెద్దగా అనేవాళ్ళు. ఆ చోటు పోతే నేను ఎవర్నీ కానేమోనని భయం. నువ్వు చిన్నదానివి, ఇంకా పది నాటకాలు వస్తాయిలే అనుకున్నాను. రాలేదు. నిన్ను అమ్ముకుని నిలబెట్టుకున్న ఆ స్టూలు తొమ్మిదేళ్ళు ఉంది. ఆ తర్వాత దాని మీద పెట్టె ఎక్కింది. బావమరిది ఆశ కూడా తీరలేదు. అది ఒక్కటే కాస్త నవ్వొచ్చే సంగతి.

పుస్తకం పంపుతున్నాను. పేజీ మడిచి పెట్టాను. సున్నా మళ్ళీ పెట్టి పంపుదామని పెన్సిలు తీశాను. పెట్టలేదు. ఇప్పుడు పెడితే అదొక దొంగ సున్నా అవుతుంది. చెరిపిన చోట కాగితం పలచబడింది. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూడు, గుండ్రంగా కనబడుతుంది. అల్లుడుగారికి కూడా చూపించు. ఆయన అడిగినదానికి నా దగ్గరున్న రుజువు అదే.

నువ్వు ఆ వేషం కట్టు. నేను చెప్పానని కాదు, నా మాట ఇంక నువ్వు వినక్కర్లేదు. నెలాఖరు రాకముందే వాళ్ళకి చెప్పు. పుస్తకం ఎవరికి ఇస్తావో వాళ్ళకి కాళ్ళు చూడమని చెప్పు. సొంతవాళ్ళని మాత్రం ఆ పనికి కూర్చోబెట్టకు. నువ్వు ఎంతసేపు ఆగాలనుకుంటే అంతసేపు ఆగు.

క్షమించమని రాయడం లేదు. నువ్వు క్షమిస్తే తేలికయ్యేది నాకే, దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు. ఆటకి నేను రాను. నేను హాల్లో ఉన్నానని తెలిస్తే నువ్వు ఆ మాట దగ్గర వింగు వైపు చూస్తావేమోనని భయం.

ఇక్కడిదాకా ఆదివారం రాశాను. మీ అమ్మ పక్కన కూర్చుని ఉందన్నానే, 'దారి ఖర్చు' అన్నచోట లేచి వంటింట్లోకి వెళ్ళింది. మిగతాది ఆవిడ చూడలేదు. చూడకుండానే పంపేద్దామని ఒక పూట అనిపించింది. తర్వాత పిలిచి కూర్చోబెట్టి మొదటినుంచీ చదివి వినిపించాను. దిండు గలీబులు మడత పెడుతూ విన్నది. సున్నా చెరిపిన చోటు దగ్గర మడత ఆగిపోయింది. గుండీ దగ్గరికి వచ్చేసరికి గలీబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అంతా అయ్యాక, "ఇన్నేళ్ళూ మా అమ్మని అనిపించారు నా చేత" అంది. ఇంకేదో అనబోయి ఆగింది. నేను చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఆగింది. ఆ మాట అనకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు కంచం పెట్టింది, మాట పెట్టలేదు.

ఈ రోజు పొద్దున పుస్తకాన్ని పాత తెర గుడ్డలో చుట్టి, మూడు పక్కలా కుట్టి తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగో పక్క ఈ ఉత్తరం కోసం వదిలింది. కలం చేతికిచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చిరునామా నా కళ్ళ ముందు రాయండి. మిమ్మల్ని వదిలేస్తే ఏ అక్షరం చెరుపుతారో" అంది.

నీ చిరునామా నాకు నోటికి వచ్చు. అయినా ఆవిడ ఒక్కొక్క ముక్కా చెప్పింది. చెప్పి, నేను రాసేదాకా ఆగి, చూసి, తర్వాతి ముక్క చెప్పింది. ఆవిడ అందించింది, నేను రాశాను.

ఇట్లు,
మీ అమ్మ చూస్తుండగా,
నాన్న